యూనియన్‌లో చేరినందుకు కక్ష కడితే: మెమో చేతికొచ్చిన రోజు నుంచి ట్రిబ్యునల్ దాకా

ఆ మెమోలో యూనియన్ అన్న మాటే లేదు. "12వ తేదీ బి షిఫ్టులో టీ బ్రేక్ నుంచి నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. సూపర్‌వైజర్ అడిగితే దురుసుగా సమాధానమిచ్చారు. 48 గంటల్లో సంజాయిషీ ఇవ్వగలరు." అంతే, మూడు లైన్లు. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న మనిషి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో తెచ్చాడు. తొమ్మిదేళ్లలో అతనికదే మొదటి మెమో.

"దీనికి ముందు ఏం జరిగింది?" అనడిగాను.

"ఏం లేదన్నా. 3న యూనియన్ ఫారం మీద సంతకం పెట్టా. 9న గేటు బయట మీటింగ్‌లో రెండు ముక్కలు మాట్లాడా."

ఏం లేదంటూ కేసంతా చెప్పేశాడు. యూనియన్‌లో చేరావు కాబట్టి శిక్షిస్తున్నామని ఏ యాజమాన్యమూ రాసివ్వదు. ఆలస్యమనో, దురుసుతనమనో, ఉత్పత్తి తగ్గిందనో, "పరిపాలనా సౌలభ్యం కోసం బదిలీ" అనో రాస్తారు. చట్టం కార్మికుడి వైపు చాలానే చెబుతుంది గానీ, కక్షసాధింపు అని ఎవరంటే వాళ్లే దాన్ని రుజువు చేసుకోవాలని సుప్రీంకోర్టు 1970ల్లోనే భారత్ ఐరన్ వర్క్స్ కేసులో చెప్పింది. కాబట్టి 3వ తేదీనీ, 9వ తేదీనీ, 12వ తేదీనీ ఒకే కాగితం మీదికి తేవడం మన పని. కింద చెప్పేదంతా దాని గురించే.

ఇప్పుడు నడుస్తున్నది ఏ చట్టం

ఇంటర్నెట్‌లో దొరికే తెలుగు వ్యాసాల్లో ఎక్కువ శాతం పాత చట్టాల సెక్షన్లే చెబుతాయి. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం, 1946 స్టాండింగ్ ఆర్డర్ల (అంటే సంస్థలోని సర్వీసు నియమాల) చట్టం, 1947 పారిశ్రామిక వివాదాల చట్టం, ఈ మూడింటి స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 వచ్చింది. అది 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. దరఖాస్తులో పాత సెక్షన్ రాసినంత మాత్రాన కేసు పోదు గానీ, అవతలి వాళ్ల హెచ్‌ఆర్ మేనేజర్ దాన్నే పట్టుకుని ఒక వాయిదా తినేస్తాడు. కొత్త కోడ్ కింద రాష్ట్రాల నియమాలు, ఫారాలు మారుతున్న కాలమిది. అందుకని ఫారం నింపే ముందు మీ లేబర్ ఆఫీసులో ఇవాళ ఏ ఫారం తీసుకుంటున్నారో అడిగి వెళ్లండి.

వీటన్నిటి పైన రాజ్యాంగం 19(1)(సి) అధికరణం ఉంది: సంఘాలు పెట్టుకునే హక్కు. అయితే అది ప్రధానంగా ప్రభుత్వం మీద పనిచేసే హక్కు. ప్రైవేటు కంపెనీ గేటు దగ్గర అక్కరకొచ్చేది కోడే.

ఒక పాత సంగతి. 1918లో మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులతో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. ఆ మిల్లుల యాజమాన్యం యూనియన్ నాయకుడు బి.పి. వాడియా మీద, ఇతరుల మీద మద్రాసు హైకోర్టుకెళ్లి నిషేధ ఉత్తర్వు తెచ్చుకుంది. కార్మికుల్ని కూడగట్టడమే అప్పుడు దావా వేయదగ్గ తప్పు. ఆ దెబ్బ తర్వాతే ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో చట్టం కోసం పట్టుబట్టారు, 1926లో అది వచ్చింది. యూనియన్ పనుల మీద సివిల్ దావాల నుంచి, కుట్ర కేసుల నుంచి రిజిస్టరైన యూనియన్‌కు అది ఇచ్చిన రక్షణ కొత్త కోడ్‌లోనూ కొనసాగుతోంది.

మొదటి అడుగు: మీరు "వర్కర్" కిందికి వస్తారా

కోడ్ రక్షణ "వర్కర్"కు. శారీరక పని, నైపుణ్య పని, సాంకేతిక పని, గుమాస్తా పని అన్నీ ఇందులో ఉన్నాయి. జర్నలిస్టులు, మందుల కంపెనీల మెడికల్ రెప్‌లు కూడా ఉన్నారు. మేనేజర్ హోదాలో ఉన్నవాళ్లు బయట. సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18,000 రూపాయలు దాటి వేతనం తీసుకునేవాళ్లూ బయటే.

ఇక్కడ హోదా పేరు చూసి భయపడొద్దు. "ఎగ్జిక్యూటివ్", "టీం లీడర్" అని కార్డు మీద అచ్చేసి రోజంతా మెషిన్ దగ్గరే నిలబెట్టే కంపెనీలు బోలెడు. కోర్టులు చూసేది కార్డును కాదు, చేసే పనిని. సెలవు మంజూరు చేసే అధికారం మీకుందా? ఎవరికైనా మెమో ఇవ్వగలరా? లేదంటే ఆ సంగతి ఈమెయిళ్లతో, డ్యూటీ చార్టుతో చూపించుకోవచ్చు.

కాంట్రాక్టు కార్మికులకూ యూనియన్ హక్కు ఉంది. మీ యజమాని కాంట్రాక్టరా, కంపెనీయా అన్న తగాదా ముందుకొస్తుంది కాబట్టి దరఖాస్తులో ఇద్దరినీ చేర్చండి. నిజంగా బలహీనంగా ఉన్నది ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లు, అంటే ఇంత కాలానికని గడువు పెట్టి తీసుకున్నవాళ్లు. గడువు ముగిసి ఉద్యోగం పోతే కోడ్ దాన్ని రిట్రెంచ్‌మెంట్‌గా, అంటే యాజమాన్యం చేసిన తొలగింపుగా లెక్కించదు. అందరికీ పొడిగించి యూనియన్‌లో ఉన్న ముగ్గురికే ఆపితే ఆ పోలిక పట్టికే మీ ఆయుధం. అయినా దారి కష్టమేనని ముందే చెబుతున్నాను.

రెండో అడుగు: జరిగినదానికి చట్టంలో ఉన్న పేరు పెట్టండి

కోడ్ 84వ సెక్షన్ "అనుచిత కార్మిక విధానాల"ను నిషేధిస్తుంది. అవేమిటో రెండో షెడ్యూల్‌లో వరసగా ఉంటాయి. దాన్ని ప్రింటు తీయించి పెన్సిల్‌తో టిక్కులు పెడుతూ చదవండి. మన ఫ్యాక్టరీల్లో తరచుగా కనిపించేవి ఇవి:

- యూనియన్‌లో చేరితే తీసేస్తామని బెదిరించడం, యూనియన్ పెడితే కంపెనీ మూసేస్తామనడం
- సభ్యత్వాలు జోరుగా సాగుతున్నప్పుడు దాన్ని దెబ్బకొట్టడానికి ఉన్నట్టుండి జీతాలు పెంచడం
- యాజమాన్యమే ఒక యూనియన్ పెట్టించడం, లేదా ఉన్న రెండింట్లో ఒకదానికి కొమ్ముకాయడం
- యూనియన్ పని చేశాడని సీనియారిటీ మార్చడం, ప్రమోషన్ ఆపడం
- విధానం పేరు చెప్పి దురుద్దేశంతో బదిలీ చేయడం
- చిన్న తప్పుకు, గత సర్వీసు చూడకుండా, పెద్ద శిక్ష వేయడం
- కట్టుకథలతో సెలవు లేకుండా గైర్హాజరయ్యాడని తీసేయడం
- యాజమాన్యం మీద ఫిర్యాదు చేసినందుకో, విచారణలో సాక్ష్యం చెప్పినందుకో వివక్ష చూపడం

జీతం పెంపు ఈ జాబితాలో ఉండటం చూసి చాలామంది నవ్వుతారు. పెంచితే తప్పేంటని. తప్పు పెంపులో కాదు, పెంచిన వేళలో, ఉద్దేశంలో.

దరఖాస్తులో "నన్ను వేధిస్తున్నారు" అని మాత్రమే రాస్తే అధికారి దాన్ని ఫైల్లో పెట్టి మర్చిపోతాడు. "ఇది రెండో షెడ్యూల్ ప్రకారం అనుచిత కార్మిక విధానం" అని ఏ అంశమో పేర్కొంటే అవతలి పక్షం దానికి జవాబు చెప్పక తప్పదు.

మూడో అడుగు: తేదీల పుస్తకం

ఇదే అన్నిటికన్నా ముఖ్యం. జనం అన్నిటికన్నా నిర్లక్ష్యం చేసేదీ ఇదే.

ఒక వంద పేజీల నోటుబుక్కు తీసుకోండి. ఎడమ పేజీలో యూనియన్ పనులు: సభ్యత్వం తీసుకున్న తేదీ, రసీదు నంబరు, మీటింగులు, డిమాండ్ల పత్రం ఇచ్చిన రోజు. కుడి పేజీలో యాజమాన్యం చేసినవి: పిలిచి మాట్లాడటం, షిఫ్టు మార్చడం, ఓటీ ఆపడం, మెమో. ఏ రోజుది ఆ రోజే రాయండి. ఆర్నెల్ల తర్వాత గుర్తుచేసుకుని ఒకే పెన్నుతో, ఒకే కూర్చోవడంలో రాసిన పుస్తకం క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడదు. మాటలు వీలైనంత యథాతథంగా రాయాలి. "హెచ్‌ఆర్ బెదిరించాడు" కాదు. "సాయంత్రం 5:40, క్యాంటీన్ మెట్ల దగ్గర, 'ఆ జెండా పట్టుకుంటే ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది' అన్నాడు, పక్కన ఇద్దరున్నారు" అని. ఆ ఇద్దరి పేర్లు కూడా.

పోలిక కూడా పోగుచెయ్యాలి. మన ప్యాకింగ్ అతని విషయంలో కేసు నిలబెట్టింది ఇదే. నాలుగు నిమిషాల ఆలస్యం నిజమే, అతను కాదనలేదు. కానీ అదే రోజు అదే బ్రేక్ నుంచి పదకొండు మంది ఆలస్యంగా వచ్చారు. మెమో వచ్చింది ఇద్దరికి. ఆ ఇద్దరూ 9న గేటు బయట మాట్లాడినవాళ్లే. పంచింగ్ రికార్డు కంపెనీ దగ్గరే ఉంటుంది కాబట్టి దాన్ని విచారణలో తెప్పించమని అడిగాం. తేలేదు. అడిగినా తేలేదన్నది కూడా మన పుస్తకంలో ఒక లైనే.

వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ రికార్డింగులు ఉంటే స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకండి. అసలు ఫోన్ భద్రంగా ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ అడుగుతారు. ఫోన్ మార్చేసి పాతది అమ్మేసినవాళ్లు అక్కడ ఇరుక్కుంటారు. జీతం స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, పాత మెచ్చుకోలు లేఖలు, ఈఎస్ఐ, పీఎఫ్ వివరాలు ఇంట్లో ఒక ఫైల్లో ఉండాలి. లాకర్‌లో పెడితే సస్పెండైన రోజు లోపలికి పోనివ్వరు.

నాలుగో అడుగు: యూనియన్ చేయాల్సిన రెండు పనులు

మొదటిది రిజిస్ట్రేషన్. ఏడుగురు దరఖాస్తు చేయొచ్చు. సంస్థలోని వర్కర్లలో పది శాతం గానీ వంద మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. రిజిస్ట్రేషన్ నంబరు రాకముందు కూడా, యూనియన్ పెట్టుకునే ప్రయత్నం చేసినందుకే శిక్షించడం అనుచిత విధానమే. కానీ కొన్ని రక్షణలు రిజిస్టరైన యూనియన్‌కే దక్కుతాయి. నంబరు కోసం ఎంత పోరాడాలో తమిళనాడు శ్రీపెరుంబుదూరులో శామ్‌సంగ్ కార్మికుల్ని చూస్తే తెలుస్తుంది. 2024లో 37 రోజుల సమ్మె చేశారు, యూనియన్ పేరు మీద కంపెనీ అభ్యంతరాలు పెట్టింది, హైకోర్టు దాకా వెళ్లాక 2025 జనవరిలో రిజిస్ట్రేషన్ వచ్చింది.

రెండోది "రక్షిత వర్కర్ల" జాబితా. దీన్ని సగం యూనియన్లు పట్టించుకోవు, తర్వాత నెత్తీనోరూ కొట్టుకుంటాయి. రిజిస్టరైన యూనియన్ ఆఫీస్ బేరర్లలో, కార్యవర్గ సభ్యుల్లో కొందరిని యాజమాన్యం రక్షిత వర్కర్లుగా గుర్తించాలి. మొత్తం వర్కర్లలో ఒక శాతం మంది, ఎంత చిన్న సంస్థైనా కనీసం ఐదుగురు, ఎంత పెద్దదైనా వంద మందికి మించకుండా. 200 మంది ఉన్న చోట ఐదుగురు, 600 మంది ఉంటే ఆరుగురు. వివాదం నడుస్తున్న కాలంలో ఆ వివాదానికి సంబంధించి వీళ్లను తీసేయాలన్నా, శిక్షించాలన్నా, సర్వీసు షరతులు వీళ్లకు నష్టం కలిగేలా మార్చాలన్నా కేసు ఎవరి ముందుందో ఆ అధికారి ముందస్తు లిఖిత అనుమతి కావాలి. పాత కేంద్ర నియమాల ప్రకారం ఏటా ఏప్రిల్ 30 లోపు యూనియన్ పేర్లు పంపాలి, యాజమాన్యం పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. ఉగాది పచ్చడి తిన్న వారంలో ఆ ఉత్తరం పోస్టు చేసేస్తే మర్చిపోయే ప్రసక్తే ఉండదు. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసింది. పంపిన రసీదు, చేరినట్టు ఆధారం రెండూ దాచండి.

ఐదో అడుగు: మెమోకు జవాబు

మెమో తీసుకోనని మొండికేయకండి. తీసుకోకపోతే "తిరస్కరించాడు" అని రాసి నోటీసు బోర్డుకు అంటిస్తారు, అదింకో ఆరోపణ అవుతుంది. తీసుకుని, సంతకం కింద తేదీ, సమయం వేయండి.

జవాబు చిన్నదిగా, చల్లగా ఉండాలి. కోపమంతా నాతో చెప్పండి, కాగితం మీద పెట్టకండి. ఆ ప్యాకింగ్ అతనికి మేం రాసిన జవాబు సారాంశం ఇది:

"12వ తేదీన టీ కౌంటర్ దగ్గర క్యూ పొడవుగా ఉండటంతో నాతో సహా పలువురు కొన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చాం. ఆ రోజు షిఫ్టు ఉత్పత్తికి లోటు రాలేదు. నేను దురుసుగా మాట్లాడలేదు. తొమ్మిదేళ్ల సర్వీసులో నాకు ఇంతవరకు ఏ మెమో లేదు. నేను 3వ తేదీన యూనియన్ సభ్యత్వం తీసుకున్నాను, 9న జరిగిన గేట్ మీటింగ్‌లో మాట్లాడాను. ఈ మెమో దాని పర్యవసానమని నమ్ముతున్నాను. ఆ రోజు బి షిఫ్టు పంచింగ్ రికార్డు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను."

చివరి మూడు వాక్యాలే ప్రాణం. యూనియన్ సంగతి మొదటి జవాబులోనే ఎక్కాలి. రెండేళ్ల తర్వాత ట్రిబ్యునల్లో మొదటిసారి చెబితే "ఇప్పుడు అల్లిన కథ" అంటారు. 48 గంటలు చాలకపోతే గడువు లోపలే ఇంకో వారం అడుగుతూ ఉత్తరం ఇవ్వండి.

ఇంకో మాట. మెమోతో పాటు గదిలోకి పిలిచి "రాజీనామా రాసిస్తే సెటిల్‌మెంట్ మంచిగా చేస్తాం" అంటారు. రాయకండి. తెల్లకాగితం మీద అసలే సంతకం వద్దు. బలవంతంగా రాయించుకుంటే ఆ రోజే, ఆ సాయంత్రమే, యాజమాన్యానికీ లేబర్ ఆఫీసుకూ ఈమెయిల్ పంపండి. వారం ఆగితే ఇష్టపూర్వకంగా రాశారనే అనుకుంటారు.

ఆరో అడుగు: డొమెస్టిక్ ఎంక్వైరీ

ఇది మెమోలోని ఆరోపణల మీద కంపెనీయే లోపల జరిపే విచారణ. విచారణాధికారి కంపెనీ డబ్బిచ్చి తెచ్చుకున్న లాయరే కావచ్చు. అయినా వెళ్లండి. వెళ్లకపోతే ఏకపక్షంగా ముగిస్తారు. ఆరోపణలకు ఆధారమైన కాగితాలు, సాక్షుల జాబితా ముందే ఇవ్వమని అడగండి. తోటి ఉద్యోగి సాయం కావాలని రాసివ్వండి. ఇంగ్లిష్ రాకపోతే విచారణ తెలుగులో జరపమనండి. ప్రతి రోజు చివర రాసిన వాంగ్మూలం చదివి, తప్పుంటే "ఇది నేను చెప్పలేదు" అని పక్కన రాసి సంతకం చేయండి, నకలు తీసుకోండి.

కనీసం 300 మంది వర్కర్లున్న సంస్థలకు కోడ్‌లో స్టాండింగ్ ఆర్డర్ల అధ్యాయం వర్తిస్తుంది. సస్పెండ్ చేస్తే విచారణ మామూలుగా 90 రోజుల్లో ముగించాలి. మొదటి 90 రోజులు వేతనంలో సగం, ఆ తర్వాత ఆలస్యం మీ వల్ల కాకపోతే 75 శాతం జీవన భత్యంగా ఇవ్వాలి. అంతకన్నా చిన్న సంస్థల్లోనూ సహజ న్యాయ సూత్రాలు తప్పవు. హడావుడిగా, వాటిని తుంగలో తొక్కి తీసేయడం కూడా రెండో షెడ్యూల్‌లో ఉందని గుర్తుంచుకోండి.

ఏడో అడుగు: లేబర్ ఆఫీసు

ముందు ఏ ఆఫీసో చూడండి. సింగరేణి లాంటి బొగ్గు గనులు, బ్యాంకులు, రైల్వే, విశాఖ ఉక్కు లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలకు కేంద్ర కార్మిక శాఖ అధికారులు. మామూలు ప్రైవేటు ఫ్యాక్టరీలు, మందుల కంపెనీలు, షాపింగ్ మాళ్లకు రాష్ట్ర కార్మిక శాఖ. తప్పు ఆఫీసులో ఇచ్చి రెండు నెలలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఉద్యోగం పోయాకే వెళ్లాలని లేదు. వేధింపు దశలోనే యూనియన్ తరఫున వివాదం లేవనెత్తి కన్సిలియేషన్, అంటే లేబర్ అధికారి ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే ప్రక్రియ, అడగడం తెలివైన పని. ఎందుకంటే కన్సిలియేషన్ మొదలయ్యాక 90వ సెక్షన్ అడ్డు నిలుస్తుంది. వివాదంలో ఉన్న విషయానికి సంబంధించిన సర్వీసు షరతుల్ని యాజమాన్యం మార్చకూడదు, దానికి ముడిపడిన ఆరోపణతో అనుమతి లేకుండా ఎవర్నీ తీసేయకూడదు. వివాదంతో సంబంధం లేని తప్పుకు తీసేయాలన్నా నెల జీతమిచ్చి, ఆమోదం కోసం దరఖాస్తు పెట్టాలి. పాత చట్టంలోని ఇదే నిబంధన మీద 2002లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం జైపూర్ జిల్లా సహకారి భూమి వికాస్ బ్యాంక్ కేసులో, ఆమోదం తీసుకోకుండా చేసిన డిస్మిసల్ చెల్లదని తేల్చింది. ఉల్లంఘిస్తే 91వ సెక్షన్ కింద నేరుగా ఫిర్యాదు చేయొచ్చు.

అయితే ఇది రెండంచుల కత్తి. కన్సిలియేషన్ నడుస్తుండగా సమ్మె చేయకూడదు, ముగిశాక ఏడు రోజుల దాకా కూడా. మామూలుగానే ఇప్పుడు ఏ పారిశ్రామిక సంస్థలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు కావాలి. సగం మందో అంతకన్నా ఎక్కువో ఒకేసారి క్యాజువల్ లీవు పెట్టినా కోడ్ దాన్ని సమ్మె అనే అంటుంది. కోపంలో లైను ఆపేస్తే, అప్పటిదాకా మీ వైపున్న కేసు ఆ మధ్యాహ్నమే వాళ్ల చేతికి వెళ్తుంది. చట్టవిరుద్ధ సమ్మెకు కార్మికుడికి వెయ్యి నుంచి పదివేల దాకా జరిమానా, నెల దాకా జైలు కూడా ఉన్నాయి.

కన్సిలియేషన్‌లో లాయర్లకు చోటు లేదు. యూనియన్ నాయకుడు మీ తరఫున మాట్లాడొచ్చు. అవతలి వాళ్లు లాయర్‌ను "కన్సల్టెంట్" పేరుతో తెస్తే అభ్యంతరం రాతపూర్వకంగా చెప్పండి.

ఎనిమిదో అడుగు: ట్రిబ్యునల్

తీసేస్తే, ఒక్క కార్మికుడి కేసైనా అది పారిశ్రామిక వివాదమే. యూనియన్ వెనక నిలబడకపోయినా పర్వాలేదు. కన్సిలియేషన్ అధికారికి దరఖాస్తు ఇచ్చి 45 రోజులు గడిస్తే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, ప్రభుత్వం రిఫర్ చేయాలని ఎదురుచూడక్కర్లేదు. గడువు తీసేసిన తేదీ నుంచి రెండేళ్లు. పాత చట్టంలో మూడేళ్లుండేది. ఆ మూడేళ్ల లెక్కతో కూర్చున్నవాళ్లు ఇప్పుడు నష్టపోతారు. కొత్త ట్రిబ్యునళ్లు ఏర్పడేదాకా గోదావరిఖని, వరంగల్, విశాఖ, గుంటూరు వంటి చోట్ల ఉన్న పాత లేబర్ కోర్టులే వింటాయి.

ట్రిబ్యునల్ విచారణ లోపాల్నీ, శిక్ష తీవ్రతనూ కూడా చూడగలదు. డిస్మిసల్ తీసేసి చిన్న శిక్ష వేయగలదు. అన్యాయంగా తీసేస్తే పాత జీతంతో సహా తిరిగి తీసుకోవడమే మామూలు నియమమని 2013లో దీపాలీ గుండు సుర్వాసే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జీతం రావాలంటే ఈ మధ్యకాలంలో మీకు వేరే ఆదాయం లేదని మీరు ప్రమాణపత్రంలో చెప్పాలి. ఈ ఒక్క లైను మర్చిపోయి లక్షలు పోగొట్టుకుంటారు. గెలిచాక యాజమాన్యం హైకోర్టుకెళ్తే, కేసు తేలేదాకా ఆఖరి జీతం చెల్లించే నిబంధన కూడా ఉంది.

డబ్బు లేదని ఆగకండి. పారిశ్రామిక కార్మికుడికి, ఆదాయంతో పని లేకుండా, 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.

శిక్షల సంగతంటారా, అనుచిత విధానానికి పదివేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. ఒకసారి శిక్షపడి మళ్లీ అదే చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షలు, మూడు నెలల దాకా జైలు. కానీ ఈ కేసు మీరు వేయలేరు. ప్రభుత్వమో, దాని అనుమతి ఉన్నవారో ఫిర్యాదు చేస్తేనే కోర్టు తీసుకుంటుంది. అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టండి, స్పందన లేకపోతే సమాచార హక్కు కింద ఫైలు ఎక్కడుందో అడగండి. అయితే దాని మీదే ఆశ పెట్టుకోకండి. ఉద్యోగం తిరిగొచ్చే దారి ట్రిబ్యునల్, జరిమానా దారి కాదు.

ఆ ప్యాకింగ్ అతన్ని ఆ మెమో తర్వాత సస్పెండ్ చేశారు గానీ, కేసు ట్రిబ్యునల్ దాకా పోలేదు. లేబర్ ఆఫీసులో రెండో మీటింగ్‌లో అధికారి పంచింగ్ రికార్డు తెమ్మన్నాడు. మూడో మీటింగ్‌కు రికార్డు రాలేదు, సస్పెన్షన్ ఎత్తేస్తామన్న కాగితం వచ్చింది. మెమో మాత్రం రద్దు కాలేదు, "హెచ్చరిక"గా సర్వీసు బుక్కులో ఉండిపోయింది. అతను దానికి ఒప్పుకుంటున్నానంటూనే, పక్కన "నిరసనతో" అని రాసి సంతకం పెట్టాడు. సోమవారం బి షిఫ్టుకు వెళ్లాడు. నోటుబుక్కు ఇంకా రాస్తూనే ఉన్నాడు.